సత్తు పడవ

"ఇది సత్తురా అబ్బాయ్!" అన్నారు నాన్నగారు, పడవ అంచు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూసి.

2022 మే నెల మొదటి వారం. షాకొపీలో ఒకాయన ఇంటి వెనక పెరట్లో, అప్పుడప్పుడే పచ్చబడుతున్న గడ్డి మీద ఆ పడవ బోర్లా పడుకుని ఉంది. నాన్నగారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఇంకోచోట కొట్టి, "మీ అమ్మ ముప్ఫయ్యేళ్ళు అన్నం వండిన తపేలా ఇదేరా. దీంతో పడవ చేస్తారా ఎవరన్నా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ 'మీ అమ్మ' అన్న మాట దగ్గర గొంతు కొంచెం ఆగింది. అమ్మ పోయి అప్పటికి పది నెలలు.

చేస్తారు. ఈ దేశంలో చెరువుల మీద తిరిగే చిన్న పడవల్లో చాలా భాగం సత్తువే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు చేసి చేసి అల్యూమినియం రేకుని వంచడం, రివెట్లు కొట్టడం చేతికి బాగా అలవాటైంది. యుద్ధం అయిపోయాక ఆ పనితనం పడవల్లోకి వచ్చింది. యుద్ధ విమానాలు చేసిన గ్రమ్మన్ కంపెనీ 1945లో సత్తు కనూలు మొదలుపెట్టింది. మా మినెసోటాలోనే 1946లో అల్యూమాక్రాఫ్ట్, 1948లో లండ్ పుట్టాయి. తుప్పు పట్టదు, పుచ్చదు, తారు పూయక్కర్లేదు, ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. ఇవన్నీ నేను నాన్నగారికి చెప్పాను. ఆయన అంతా విని, "సొట్ట పడుతుంది కదరా" అన్నారు. పడుతుంది. మా ఇంట్లో సొట్ట పడని సత్తుగిన్నె నేనెప్పుడూ చూడలేదు.

అసలు పడవ కొనాలన్న దురద నాకు చాలా ఏళ్ళుగా ఉంది. మా రాష్ట్రంలో కారు నంబరు ప్లేటు మీదే పదివేల సరస్సులని రాసి ఉంటుంది. పది ఎకరాలకి తక్కువ కాని సరస్సుల్ని లెక్కపెడితే నిజానికి 11,842. ఇన్ని నీళ్ళ మధ్య పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి, ప్రతి వేసవిలోనూ ఒడ్డున దుప్పటి పరుచుకుని పులిహోర తిని, పక్కవాళ్ళ పడవల్ని చూసి ఇంటికొచ్చేవాళ్ళం. గోదావరి పక్కన పుట్టినవాడికి అదొక రకం అవమానం. మా ఆవిడకి మాత్రం ఒడ్డే హాయి. ఆవిడది వరంగల్లు. నీళ్ళంటే చెరువు, చెరువంటే బతుకమ్మ, అక్కడితో సరి. దానికితోడు 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం అవతల కచ్చులూరు దగ్గర పాపికొండలు వెళ్ళే పడవ మునిగినప్పుడు, ఆ పడవని నదిలోంచి పైకి లాగేదాకా నెలరోజులకి పైగా, రోజూ రాత్రి తెలుగు చానళ్ళు చూసింది. ఆ తరవాత రెండేళ్ళు మా ఇంట్లో పడవ మాట నేనెత్తలేదు.

అమ్మ పోయాక నాన్నగార్ని ఆరునెలలకని తీసుకొచ్చాను. ఏప్రిల్‌లో దిగారు. అప్పటికింకా సరస్సుల మీద గడ్డ పూర్తిగా కరగలేదు. ఆయన రోజంతా కిటికీ దగ్గర కూర్చునేవారు. పుస్తకం తెరిచి ఉండేది, పేజీ తిరిగేది కాదు. ఒకరోజు రాత్రి మా ఆవిడే అంది: "మావయ్యగారు నీళ్ళ దగ్గర పెరిగిన మనిషి. ఆ పడవేదో ఇప్పుడు కొనండి. లైఫ్ జాకెట్లు మాత్రం నేను చూసి కొంటాను." నేను నమ్మలేక మళ్ళీ అడిగించుకున్నాను.

వెతగ్గా వెతగ్గా రెండు పడవలు తేలాయి, రెండూ పాతవే. ఒకటి షాకొపీలోది. పద్నాలుగడుగులు, బల్లపరుపు అడుగు, ముందు భాగం కోసేసినట్టు చదరంగా ఉంటుంది. జాన్ బోటంటారు దీన్ని. మన పశువుల కుడితి తొట్టికి మోటారు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆరు హార్స్‌పవర్ మోటారు, ట్రైలరుతో సహా పద్నాలుగువందల డాలర్లు. రెండోది బఫెలో అనే ఊరి అవతల, మాకు గంట దూరం. పదహారడుగులు, ముందు కోసుగా ఉండి అడుగు వి ఆకారంలో ఉంటుంది. పాతిక హార్స్‌పవర్ మోటారు. రెండువేల ఆరువందలు.

ఈ రెంటికీ ఉన్న తేడా గురించి నెలరోజులు మా ఆఫీసులో అడగని మనిషి లేడు. మినెసోటాలో పడవ గురించి అడిగితే మన ఊళ్ళో సంబంధం గురించి అడిగినట్టే. పని మానేసి చెబుతారు. సారాంశం ఏమిటంటే, బల్లపరుపు పడవ నిశ్చలంగా ఉన్న నీళ్ళ మీద బల్లలాగే ఉంటుంది. పిల్లాడు లేచి నిలబడినా పెద్దగా ఒరగదు. జానెడు లోతులో కూడా పోతుంది. కానీ గాలి లేచి కెరటాలొస్తే ప్రతి కెరటానికీ అడుగు ఫెడీఫెడీమని కొట్టుకుంటుంది, ముందునుంచి నీళ్ళు ఒళ్ళోకొస్తాయి. కోసు పడవ దీనికి ఎదురు. ఎక్కేటప్పుడు కాలు పెట్టగానే పక్కకి ఊగి కంగారుపెడుతుంది, కొంత ఒరిగాక గట్టిగా నిలదొక్కుకుంటుంది. కెరటాన్ని చీల్చుకుని పోతుంది, అంచులు ఎత్తు. మొదట భయపెట్టి తరవాత కాపాడేది ఒకటి, మొదట ధైర్యమిచ్చి తరవాత తడిపేది ఇంకొకటి.

ఇక గరాజు సంగతి. మా కాలనీ సంఘం వారి నిబంధనల ప్రకారం పడవ వాకిట్లో కనపడకూడదు. పద్నాలుగడుగులది గరాజులో ఓ గోడవారకి ఒదుగుతుంది, రెండు కార్లూ పడతాయి. పదహారడుగులది ట్రైలరు మూతితో కలిపితే మూల నుంచి మూలకి ఐమూలగా పెడితేనే తలుపు పడుతుంది. అంటే ఒక కారు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచులో బయట ఉండాలి. సున్నా కింద ఇరవై డిగ్రీల్లో బయట పెట్టిన కారుని ఉదయం ఆరింటికి స్టార్టు చెయ్యడమంటే ఏమిటో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, అక్కడున్నవాళ్ళకి చెప్పినా తెలియదు.

డబ్బు, గరాజు, పిల్లాడు లేచి నిలబడే అలవాటు అన్నీ చూస్తే షాకొపీ పడవే సరైనది. ఆ రోజు బయానా ఇవ్వడానికే వెళ్ళాం. ఇంటాయనా నేనూ కలిసి పడవని వెల్లకిలా తిప్పాక, లోపల వెనకవైపు అతికించిన చిన్న రేకు ముక్క కనిపించింది. నలుగురు మనుషులు లేదా 525 పౌన్లు, అని.

ఇరవై అడుగుల లోపు మోటారు పడవలకి ఈ రేకు ఉండాలని 1972 నుంచి ఇక్కడి రూలు. ఎంతమంది, ఎంత బరువు, ఎన్ని హార్స్‌పవర్లు అని రాసి ఉంటుంది. అది నాకు తెలియక కాదు. నా లెక్కలో నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నలుగురం. ఆ నలుగురు ఎలా వచ్చారంటే ఏం చెప్పను? అయిదేళ్ళుగా కలలు కంటున్న పడవ అది. ఆ కలలో నలుగురమే ఉండేవాళ్ళం. నాన్నగారి కోసమే కొంటున్నానని ఊరంతా చెప్పి, నాన్నగారికి చోటులేని పడవ ముందు నిలబడ్డాను.

నాన్నగారు రిటైరైన లెక్కల మేస్టారు. రేకు ఆయన కూడా చదివారు. "నలుగురు. సరిపోయింది కదరా మీకు" అన్నారు.

"మరి మీరో?"

"నేను ఒడ్డున కూర్చుంటాను. సంచులూ చెప్పులూ చూడ్డానికి ఒకడుండాలి కదా."

బయానా ఇవ్వలేదు. రేపు ఫోను చేస్తానని చెప్పి వచ్చేశాం.

ఇంటికి రాగానే మా వాడు బాత్రూములోంచి తూకం మిషను పట్టుకొచ్చి హాల్లో పెట్టాడు. అందర్నీ ఎక్కించాడు. నేను 178 పౌన్లు, మా ఆవిడ 140 (చీరతో, అని రాయించింది), అమ్మాయి 96, వాడు 58. మొత్తం 472. నాన్నగార్ని రమ్మంటే, "ధాన్యం బస్తానట్రా కాటా ఎక్కడానికి?" అంటూనే ఎక్కారు. 134. ముందటి సంవత్సరం ఊరు వెళ్ళినప్పుడు చూసిన మనిషికీ ఈ అంకెకీ పొంతన లేదు. మా ఆవిడ నావైపు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మొత్తం 606 అని వాడు కాగితం మీద వేసి, "తాతయ్యా, మీరు వస్తే ఎనభై ఒకటి ఎక్కువ" అన్నాడు. పిల్లలకి కూడికలూ తీసివేతలే తెలుసు.

"అందుకే నేను రానంటున్నాను" అన్నారు నాన్నగారు, పెద్ద సమస్య తీరిపోయినట్టు.

ఆ రాత్రి నాకు పాత సంగతొకటి గుర్తుకొచ్చింది. మాది కోనసీమలో వైనతేయ పాయ పక్కన లంక ఊరు. నా చిన్నప్పుడు బజారుకైనా, బస్సుకైనా, పురిటికైనా రేవు దాటాల్సిందే. మా నాన్నగారు రేవులో ఎప్పుడూ రెండో ట్రిప్పు మనిషి. అందరికంటే ముందొచ్చేవారు, పడవ ఒడ్డుకి తగిలేది, జనం తోసుకుని ఎక్కేవారు, ఆయన మా చేతులు పట్టుకుని వెనక్కి జరిగేవారు. "మీరు పదండి, మేం వెనక వస్తాం." ఒక్కోసారి మూడో ట్రిప్పు కూడా అయ్యేది. అవతల అమలాపురం బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోవడం ఇవతల ఒడ్డునుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మా పిన్ని పెళ్ళికి ముహూర్తం దాటాక చేరాం. అమ్మ ఆ కోపం చచ్చేదాకా మర్చిపోలేదు. "మీ నాన్నకి యమధర్మరాజు పిలిచినా రెండో ట్రిప్పుకి వస్తానంటారు" అనేది. చివరికి ఆవిడే ముందు వెళ్ళిపోయింది.

ఆయన మెతకదనమనుకున్నాను ఇన్నాళ్ళూ. స్కూల్లో పిల్లల్నే గట్టిగా కసరలేని మనిషి, రేవులో జనాన్ని ఏం తోస్తాడులే అనుకునేవాణ్ణి.

మర్నాడు సాయంత్రం భోజనాల దగ్గర మళ్ళీ పడవ మాటే. రేకు లేని పాత పడవలకి ఒక సూత్రం ఉంది: పొడవునీ వెడల్పునీ అడుగుల్లో హెచ్చవేసి పదిహేనుతో భాగిస్తే ఎంతమంది ఎక్కొచ్చో వస్తుంది. నేనది చెబితే మా అమ్మాయి బఫెలో పడవకి వేసింది. పదహారు, అయిదు, ఎనభై. పదిహేనుతో భాగిస్తే అయిదు చిల్లర. "సో, తాతయ్య వస్తే బఫెలో బోటే" అంది. నాన్నగారు ఆ సూత్రం ఇంకోసారి చెప్పమన్నారు. ఇది మంచి వాతావరణంలో, నిలకడ నీళ్ళలో లెక్క అని కూడా చెప్పాను. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పదహారు మూరలు పొడుగు. మూడు మూరల మీద కొంచెం వెడల్పు. అయిదడుగులు వేసుకోవే అమ్మాయ్" అన్నారు.

మూరంటే అడుగున్నర అని నేను చెప్పాను. ఇరవై నాలుగు, అయిదు, నూట ఇరవై. పదిహేనుతో భాగిస్తే ఎనిమిది.

"ఎనిమిదా?" అన్నారు.

"ఎనిమిదే తాతయ్యా."

"ఆ రోజు మేం పంతొమ్మిది మందిమి. పంతొమ్మిదోవాణ్ణి నేను."

మాకు ఒక పెదనాన్న ఉండేవాడనీ, చిన్నప్పుడే ఏటిలో పోయాడనీ వినడమే తప్ప ఎప్పుడు, ఎలా అన్నది మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. మా నానమ్మ వీధి అరుగు మీద ఎప్పుడూ ఏటికి వీపు పెట్టి కూర్చునేదని మాత్రం నాకు గుర్తు. ఆ రాత్రి నాన్నగారు చెప్పారు. 1959, శ్రావణమాసం. గోదారికి ఎర్రనీళ్ళొచ్చాయి. పెదనాన్నకి పద్నాలుగేళ్ళు, ఈయనకి పదకొండు. ఇద్దరూ అవతలి ఒడ్డున హైస్కూలు. నాన్నగారు ఇంట్లో లెక్కల పుస్తకం మర్చిపోయి వెనక్కి పరిగెత్తారు. తిరిగొచ్చేసరికి పడవ కదిలింది. గెడ వేసే ఆయన, "చాలు, నిండిపోయింది, వెనక రా" అని అరిచాడు. పెదనాన్న పడవలోంచి చెయ్యి చాపాడు. ఈయన మొలలోతు నీళ్ళలోకి ఉరికి ఆ చెయ్యి పట్టుకుని ఎక్కేశారు. నడిఏటిలో కూడా కాదు, అవతలి ఒడ్డు ఇంకా నాలుగు గెడల దూరం ఉందనగా పడవ ఒక పక్కకి ఒరిగింది. జనం రెండో పక్కకి జరిగారు. అంతే. పద్దెనిమిది మంది ఒడ్డెక్కారు.

"ఆ గెడాయన పెద్దవాడు. మానాన్న దగ్గరికొచ్చి కాళ్ళ మీద పడ్డాడు. ఆఖర్న ఎక్కినవాణ్ణి దింపేసి ఉండాల్సింది బాబూ అన్నాడు. ఆఖర్న ఎక్కినవాడు నేనని ఆయనకి గుర్తులేదు. నేను చెప్పలేదు. మీ నానమ్మకీ చెప్పలేదు, మీ అమ్మకీ చెప్పలేదు."

ఎవరం ఏం మాట్లాడలేదు. ఫ్రిజ్ చప్పుడు వినపడుతోంది. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. ఏ విషయంలో ఎప్పుడు ఊరుకోవాలో తెలియని వయసు. కాగితం వైపు చూస్తూ అంది: "తాతయ్యా, మీరు ఎక్కకపోయినా పద్దెనిమిది కదా. లిమిట్ ఎనిమిది. అప్పటికే పదిమంది ఎక్కువ."

మా ఆవిడ దాని చెయ్యి నొక్కింది. ఆ సూత్రం ఈ దేశపు పడవలకి, వరదలో ఉన్న ఏటికీ గెడ పడవకీ కాదని నాకు తెలుసు. నాన్నగారికీ తెలుసు, నలభయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. అయినా ఆయన ఆ కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, హెచ్చవేత సరిగ్గా ఉందా లేదా అని పైనుంచి కిందకి చూశారు. తరవాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. మజ్జిగ తాగి పడుకోవడానికి వెళ్ళిపోయారు. నేను షాకొపీకి ఫోను చేసి వద్దని చెప్పాను.

బఫెలో పడవాయనకి నాన్నగారి వయసే ఉంటుంది. మోకాళ్ళు పనిచెయ్యక అమ్మేస్తున్నాడు. పడవ 1986 నాటిది, రివెట్లు కొట్టిన రకం. పాత రివెట్లు వదులై కారుతాయని నేను చదివాను. ఎలా అడగాలా అనుకుంటుండగా ఆయనే తోట పైపు తెచ్చి, ట్రైలరు మీద ఉన్న పడవలో సగందాకా నీళ్ళు నింపాడు. "ఇప్పుడు కిందకి వంగి చూడండి. నా మోకాళ్ళు వంగవు" అన్నాడు. సంతలో కొత్త కుండలో నీళ్ళు పోసి చూసుకున్నట్టే. నేనూ నాన్నగారూ గడ్డిలో వెల్లకిలా పడుకుని చూశాం. రెండుచోట్ల చుక్క కడుతోంది. ఆయన పైనుంచే పెన్సిలు అందించాడు. నాన్నగారు ఆ రెండు రివెట్ల చుట్టూ సున్నాలు చుట్టారు. పరీక్ష పేపర్లో తప్పుకి చుట్టినట్టు, నిదానంగా.

రేకు మీద అయిదుగురు, 725 పౌన్లు అని ఉంది. మా 606 పోతే ఇంకా 119 మిగులు. పిల్లలు ఎదుగుతారు కనక ఆ మిగులు మిగలదనుకోండి.

నాన్నగారు నన్ను పక్కకి పిలిచి, "ఒకమాట అడుగు. ఇది బోల్తాపడితే ఏమవుతుంది?" అన్నారు. నేను అడిగాను. ఆ పెద్దాయన కూర్చునే బల్లల్ని తట్టి, వీటి లోపల నురగ దిమ్మలున్నాయన్నాడు. 1978 ఆగస్టు నుంచి చేసిన ఇలాంటి చిన్న మోటారు పడవలన్నిటికీ అవి ఉండి తీరాలి. పడవలో నిండా నీళ్ళొచ్చినా అడుక్కి పోదు. మట్టసంగా తేలుతూ ఉంటుంది, పట్టుకుని ఉండొచ్చు. నేను తెలుగులో చెప్పాను. "ముంచినా మునగదా?" అని ఆయన మళ్ళీ అడిగారు. మునగదు. ఆయన చెయ్యి పడవ అంచు మీదే ఉంచి కాసేపు అటు పొలాల వైపు చూశారు. "ఇదే తీసుకో" అన్నారు. బేరమాడదామన్న సంగతే మర్చిపోయాను. రెండువేల ఆరువందలూ ఇచ్చేశాను.

రివెట్లు బిగించడానికి ఒక శనివారం పట్టింది. బయట నేను చిన్న సుత్తి, లోపల నాన్నగారు ఇనుప దిమ్మ అదిమి పట్టుకుని. మా ఆవిడ అయిదు లైఫ్ జాకెట్లు తెచ్చింది. పదేళ్ళలోపు పిల్లలకి వేసి తీరాలని మా రాష్ట్రపు చట్టం, పెద్దవాళ్ళకి పడవలో ఉంటే చాలు. మా ఆవిడ చట్టం వేరు, అందరూ ఒడ్డు మీదే వేసుకోవాలి. అదీ సబబే. ఈ దేశంలో ఏటా పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయేవాళ్ళలో పదిమందికి ఎనిమిది మందికి పైగా జాకెట్ వేసుకోనివాళ్ళేనని కోస్ట్‌గార్డ్ లెక్కలు చెబుతాయి. పడవ పదహారడుగులు కనక విసరడానికి ఒక తేలే దిండు కూడా కొనాల్సొచ్చింది. రెండంగుళాలు పొట్టిదైతే అక్కర్లేదట. చట్టాలు ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదా.

జూన్ రెండో ఆదివారం వేకోనియా సరస్సుకి తీసుకెళ్ళాం. మూడువేల ఎకరాలు, మధ్యలో చిన్న ద్వీపం. అరగంట తంటాలు పడి ట్రైలరు వెనక్కి తోసి పడవ నీళ్ళలోకి దింపాను. వెనక నలుగురు లైనులో ఉన్నారు. చెక్కవంతెనకి పడవ తాడు కట్టి, మా ఆవిణ్ణీ పిల్లల్నీ ఎక్కించి, నేను వ్యాను పార్కు చెయ్యడానికి పరిగెత్తాను. నాన్నగారు వంతెన మీద సంచి పట్టుకుని నిలబడ్డారు. ఎక్కండి నాన్నగారూ అంటే, "నువ్వు రా, నువ్వొచ్చాక" అన్నారు. మళ్ళీ రెండో ట్రిప్పేనన్నమాట అనుకున్నాను.

వ్యాను ఆపుతుండగా ఆయన గొంతు వినపడింది. అరుపు కాదు. క్లాసులో పిల్లల్ని లేచి నిలబడమన్న గొంతు. "అమ్మాయ్, పిల్లాడి చెయ్యి పట్టుకుని పైకి రా. పెద్దదానా, నువ్వు కూడా. సంచులు వదిలెయ్యి. ఒక్కొక్కళ్ళే, మధ్యలోంచి నడవండి."

నేను చేరేసరికి ముగ్గురూ వంతెన మీద ఉన్నారు. పడవలో చీలమండ లోతు నీళ్ళు, పూరీల డబ్బా తేలుతోంది. ఇక్కడ ఒక చెరువులోని జీబ్రా నత్తలు ఇంకో చెరువుకి పోకుండా, పడవని రోడ్డు మీద తీసుకెళ్ళేటప్పుడు వెనక అడుగున ఉండే బిరడా తీసెయ్యాలని చట్టం. తీశాను. నీళ్ళలోకి దింపేముందు మళ్ళీ పెట్టాలి. అది నా చొక్కా జేబులో ఉంది.

మునిగేది కాదు, నురగ దిమ్మలున్నాయి. అదంతా తరవాత మాట. పడవలో కూర్చున్న ముగ్గురికీ తెలియలేదు. వాళ్ళు ద్వీపం వైపు చూస్తున్నారు. మా ఆవిడకి కాళ్ళు తడిసినా ఎక్కేటప్పుడు వచ్చిన నీళ్ళనుకుందట. నాన్నగారు పడవలోకి చూడట్లేదు, పడవకీ నీళ్ళకీ మధ్య అంచు వైపు చూస్తున్నారు. "వెనకవైపు రెండు జానలుండాలి. జానెడున్నరకొచ్చింది. ఇంకా తగ్గుతోంది. మన రేవులో గెడాయన అదే చూసేవాడు" అన్నారు.

పడవని మళ్ళీ ట్రైలరెక్కించి, నీళ్ళు ఓడ్చి, బిరడా బిగించి, ఇంటికి పోదామా అన్నట్టు మా ఆవిడ వైపు చూశాను. కచ్చులూరు తరవాత రెండేళ్ళు పడవ మాటెత్తనివ్వని మనిషి. లైనులోవాళ్ళు పాపం ఏమీ అనకుండా కాఫీలు తాగుతున్నారు. మా ఆవిడ తడి చెప్పులు విదిలించి, "మావయ్యగారు ముందు ఎక్కితేనే నేను ఎక్కుతాను" అంది.

నాన్నగారు, "నాదేముందమ్మా, మీరు పదండి, నేను వెనక..." అన్నారు.

"మీరు ముందు."

ఆయన నావైపు చూశారు. నేను తాడు పట్టుకుని ఇంకోవైపు చూశాను. చెప్పులు విప్పి ఓ పక్కగా పెట్టారు, గుడి ముందు విప్పినట్టు. కాలు పెట్టగానే పడవ ఊగింది. చెయ్యి చాపారు. మా వాడు వంతెన మీద నుంచి ఆ చెయ్యి పట్టుకున్నాడు. మధ్య బల్ల మీద సరిగ్గా నడిమికి కూర్చుని, ఎడంచేత్తో అంచునుంచి నీళ్ళదాకా జానలు కొలిచి, "ఊఁ, ఇప్పుడు రండి" అన్నారు. ఒక్కొక్కళ్ళం ఎక్కాం. ఎక్కినప్పుడల్లా కొలిచారు. అయిదోవాణ్ణి నేను.

ద్వీపం చుట్టూ తిరిగి వచ్చాం. తడిసిన పూరీలు బాతులకి వేశాం. ఆయన పెద్దగా మాట్లాడలేదు. ఒక లూన్ పక్షి మునిగి ఎక్కడో దూరాన తేలితే, దాని వెనక ఇంకోటి తేలేదాకా మోటారు ఆపమన్నారు.

ఆ వేసవిలో పదకొండుసార్లు వెళ్ళాం. ప్రతిసారీ బిరడా పెట్టావా అని నాలుగు గొంతులు అడిగేవి. అక్టోబరులో ఆయన ఊరు వెళ్ళిపోయారు. పడవ గరాజులో ఐమూలగా పెట్టాను. నా కారు బయట. ఇప్పటికీ అంతే. ప్రతి చలికాలం నాన్నగారు ఫోనులో ముందు పిల్లల సంగతి, తరవాత పడవ సంగతి అడుగుతారు.

"లోపలే ఉందా?"

"లోపలే ఉంది."

"మరి కారు?"

"బయటే. ఇవాళ సున్నా కింద పధ్నాలుగు."

"పోనీలే, కారు కొత్తది కొనుక్కోవచ్చు" అంటారు.